దీన్ని చదివే మిత్రమా: సెలనోవా యాత్రలో నా అనుభవం

మా అమ్మకి నాకంటే ముందు ఇద్దరు పోయారు. మొదటిది ఆడపిల్ల, తొమ్మిది రోజులు బతికింది. రెండోసారి కడుపులోనే పోయింది. మూడోసారి నేను కడుపున పడ్డాక అమ్మ ఫిరంగిపురం నుంచి గుణదల వెళ్ళి, చెప్పులు లేకుండా కొండెక్కి మరియమ్మకి మొక్కుకుంది. బిడ్డ దక్కితే ఏడాది తిరక్కుండా తెచ్చి తలనీలాలు ఇప్పిస్తానంది, ఇప్పించింది. ఆ గుండు ఫోటో మా ఇంట్లో జపమాల తగిలించే మేకు కింద ఇప్పటికీ ఉంది.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది లేకపోతే స్పెయిన్ వాయవ్య మూలనున్న గలీసియాలో వెయ్యేళ్ళ కిందటి ఒక బిషప్ మా ఇంట్లోకి వచ్చేవాడే కాదు.

ఉద్యోగం కోసం పోర్చుగల్‌లోని పోర్తో వచ్చి ఆరేళ్ళయింది. ఒక ఆదివారం నాతో పనిచేసే అమ్మాయి వాళ్ళింటికి భోజనానికి పిలిచింది. పోర్తో నుంచి గిమరాయిష్ వెళ్ళే రైలెక్కి సాంతో తిర్సోలో దిగాలి. వాళ్ళ వంటింటి కిటికీలోంచి చెట్లతో నిండిన కొండ కనిపిస్తుంటే పేరేంటని అడిగాను. మోంతె కోర్దోవా అన్నారు. వాళ్ళ నానమ్మ గిన్నె పక్కన పెట్టి, పునీత రోసెందో ఇక్కడి బిడ్డేనని కథ ఎత్తుకుంది.

907 సంవత్సరం. కౌంట్ గుతియెర్ మెనెందెస్ యుద్ధాల మీద కొయింబ్రా వైపు తిరుగుతుంటే, ఆయన భార్య ఇల్దువారా సాలస్ అనే ఊళ్ళో ఒంటరిగా ఉండేది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతున్నారు. ఆవిడ చెప్పులు వదిలేసి ఆ కొండెక్కి, పైనున్న రక్షకుడి గుడిలో నేలమీద పడి ఏడ్చేదట. ఒకరోజు అక్కడే కునుకు పట్టింది. మిఖాయేలు దూత కనిపించి, నీకు కొడుకు పుడతాడు, దేవుడి దగ్గరా మనుషుల దగ్గరా గొప్పవాడవుతాడు అని చెప్పాడు. నవంబర్ 26న బిడ్డ పుట్టాడు. కొండమీద గుడిలోనే జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లి పట్టుబట్టింది. జ్ఞానస్నానపు రాతి తొట్టిని బండి మీద పైకి తోలుతుంటే దారిలో బండి విరిగింది. ఇంకో బండి తెద్దామని వెళ్ళి వచ్చేసరికి తొట్టి దానంతటదే గుడిలోకి చేరిపోయి ఉందట.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"ఆవిడ కూడా చెప్పుల్లేకుండానే ఎక్కిందా?" అంది చివరికి.

అంతే. మర్నాటి నుంచి పాస్‌పోర్ట్ గురించి అడగడం మొదలుపెట్టింది.

వీసా కాగితాలకి పట్టిన నాలుగు నెలల్లో నేను రోసెందో గురించి దొరికినంత చదివాను. పోర్చుగీసు వచ్చినవాళ్ళకి గలీసియన్ భాష సగం పైనే అర్థమవుతుంది. రోసెందో పుట్టినప్పటికి పోర్చుగల్ అనే దేశం లేదు. మిన్యో నదికి ఇటూ అటూ ఒకే నేల, ఒకే జనం. అందుకే ఆయన్ని ఇప్పుడు పోర్చుగల్, స్పెయిన్ రెండూ మావాడే అంటాయి.

చదువుతుంటే మొదట నాకు ఆయన మీద పెద్దగా ప్రేమ కలగలేదు, ఆ మాట దాచను. పద్దెనిమిదేళ్ళకే బిషప్ అయ్యాడు. 925 ప్రాంతంలో గలీసియాలోని మొండొనియేదో బిషప్ పీఠం ఆయన చేతికొచ్చింది. అంతకుముందు ఆ పీఠంలో ఉన్న సవారికో ఈయన బంధువే, చదువు చెప్పిందీ ఆయనే. తాత ఎర్మెనెగిల్దో 878లో కొయింబ్రాని గెలిచినవాడు. రాజుల ఇంటితో చుట్టరికం. అంత చిన్న వయసులో పీఠం రావడం వంశం వల్లే, భక్తి వల్ల కాదు. నా ఉద్దేశంలో ఆయన గొప్పదనం అక్కడ లేదు. ఆ తర్వాత ఏం చేశాడన్న దాంట్లో ఉంది.

అధికారం చేతిలో ఉన్నవాడు 936లో గలీసియాలోనే సెలనోవా మఠం మొదలుపెట్టాడు. ఆ చోటుని అప్పట్లో విలార్ అనేవారు. ఆ భూమి ఆయన తోడబుట్టిన ఫ్రోయిలాది. ఫ్రోయిలా ఇస్తే దాని మీద మఠం లేచింది. అయినా రోసెందో తనే అధిపతిగా కూర్చోలేదు. సిల్ నది ఒడ్డునున్న సాన్ ఎస్తెవో మఠం నుంచి ఫ్రాంకిలా అనే పెద్దాయన్ని పిలిచి మఠాధిపతిని చేశాడు. ఆయన పోయాకే ఆ బాధ్యత తను తీసుకున్నాడు. తల్లి ఇల్దువారా కూడా దగ్గర్లోనే విలనోవాలో స్త్రీల మఠం కట్టించి, అక్కడే సన్యాసం పుచ్చుకుంది. కొండెక్కి ఏడ్చిన మనిషి చివరికి కొడుకు మఠం గంట వినపడే దూరంలో స్థిరపడిందన్నమాట. ఈ ముక్క ఫోన్లో చెప్పినప్పుడు అమ్మ "మంచిపని చేసింది" అంది, పక్కింటావిడ గురించి అన్నట్టు.

అమ్మ ఏప్రిల్లో వచ్చింది. మొదటి వారంలోనే మోంతె కోర్దోవాకి తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆ కొండమీద మోక్షారోపణ మాత పేరుతో పెద్ద గుడి ఉంది. కారు పైదాకా వెళ్తుంది. అమ్మ మాత్రం చివరి మలుపు దగ్గర ఆపమంది. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. తారు చల్లగా ఉంది, చినుకులు పడుతున్నాయి. నేనేమీ అనలేదు, వెనకాలే నడిచాను.

సెలనోవాకి మా ఆయన కారు నడిపారు. జెరేష్ కొండలు దాటి గలీసియాలోకి దిగి, బాందె మీదుగా వెళ్ళాం. బాందె పక్కనే సాంతా కోంబా అనే 7వ శతాబ్దపు చిన్న గుడి ఉంది. పునీత తోర్కువాతో అవశేషాలు పూర్వం అక్కడే ఉండేవి, తర్వాత సెలనోవాకి చేరాయి. ఆ గుడి దగ్గర పావుగంటే ఆగాం. అమ్మకి అప్పటికే తొందరగా ఉంది.

సెలనోవా చిన్న ఊరు. మఠం మాత్రం ఊరికంటే పెద్దదిగా అనిపిస్తుంది. కూడలి మధ్య ఫౌంటెన్, దాని వెనక పెద్ద రాతి ముఖద్వారం. ఇప్పుడు కనిపించే కట్టడం చాలావరకు 16, 17 శతాబ్దాలది. 1835 తర్వాత ప్రభుత్వం మఠాలు మూయించినప్పుడు సన్యాసులు వెళ్ళిపోయారు. స్పెయిన్ అంతర్యుద్ధం రోజుల్లో దీన్ని జైలు చేశారు. ఈ ఊళ్ళోనే పుట్టిన కవి సెల్సో ఎమిలియో ఫెర్రెయిరో ఇక్కడే బందీగా ఉన్నాడు. ఇప్పుడు ఒకవైపు మునిసిపల్ ఆఫీసు, ఇంకోవైపు హైస్కూలు. మేం వెళ్ళింది పనిరోజు కాబట్టి వసారాల్లో పిల్లల అరుపులు. ఒకప్పుడు ఖైదీల్ని కుక్కిన గోడల మధ్య పిల్లలు సంచులు ఊపుకుంటూ పరిగెత్తడం చూస్తే నాకు గొంతు పట్టేసింది.

గుడిలో 1697 నాటి బంగారుపూత బలిపీఠం నిలువెత్తు గోడలా ఉంటుంది. దాని దగ్గర రెండు వెండి పేటికలు. ఒకటి తోర్కువాతోది, రెండోది రోసెందోది. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, లేవడానికి నేను పట్టుకోవాల్సి వచ్చింది. "ఇక్కడున్నాడా బాబు" అంది. దాదాపు డెబ్బై ఏళ్ళు బతికిన బిషప్‌ని బాబు అంది. అమ్మకి ఆయన ఇంకా ఇల్దువారా కొడుకే.

అసలు మా మనసు పట్టుకున్నది ఆ పెద్ద గుడి కాదు. గైడ్ మమ్మల్ని వెనక తోటలోకి తీసుకెళ్ళింది. అక్కడ చెట్ల మధ్య సాన్ మిగెల్ గుడి ఉంది. మిఖాయేలు దూత పేరు మీద కట్టింది. పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంతే. మా ఊళ్ళో మా ఇంటి వరండా అంతకంటే కాస్త చిన్నది. అయితే ఇది 10వ శతాబ్దపు కట్టడం, రోసెందో బతికున్నప్పటిది. చుట్టూ ఉన్న మఠాన్ని కూల్చి కట్టి, మళ్ళీ కూల్చి కట్టారు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. వెయ్యేళ్ళకి పైగా అలాగే ఉంది.

లోపలికి ఒకేసారి నలుగురైదుగురికి మించి పట్టరు. తలుపు దాటగానే చల్లగా, తడిరాతి వాసన. గ్రానైట్ రాళ్ళని సున్నం కనపడనంత దగ్గరగా పేర్చారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, అందులోంచి పీఠం ఉన్న మూడో గదిలోకి వెళ్ళాలి. పోనుపోను ఇరుకవుతుంది. పీఠం గదికి గుర్రపు నాడా ఆకారంలో కమాను ఉంది. ముస్లిముల ఏలుబడిలో ఉన్న దక్షిణాది పనితనం అది. పీఠం గది బయటినుంచి చూస్తే చతురస్రం, లోపల గుండ్రం. అమ్మ ఆ కమాను రాయి మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది. చిన్న కిటికీలోంచి వచ్చే వెలుగు ఆవిడ చీర అంచు మీద పడుతోంది.

ఆ గుడికి ఒక శాసనం ఉంది. లాటిన్‌లో చెక్కారు. గైడ్ గలీసియన్‌లో అర్థం చెప్తుంటే నేను అమ్మకి తెలుగులో చెప్పాను. దేవా, ఈ పనికి కర్తవి నువ్వేనని మా నమ్మకం. ఇక్కడ నిన్ను వేడుకునే అందరి పాపాలూ తుడిచెయ్యి. నీ అనర్హుడైన సేవకుడు ఫ్రోయిలా జ్ఞాపకం ఇది. దీన్ని చదివే మంచి మిత్రమా, ప్రభువు పేరున బతిమాలుకుంటున్నాను, పాపినైన నన్ను నీ ప్రార్థనలో తలుచుకో.

"ఎవరీ ఫ్రోయిలా?" అంది అమ్మ.

"రోసెందో తోడబుట్టినవాడు. ఈ భూమి ఇచ్చింది ఆయనే."

"పునీతుడు కాలేదా?"

"లేదమ్మా."

అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. అక్కడే నిలబడి ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పింది, బయటికే, తెలుగులో. గైడ్ కూడా తల దించుకుంది. బయటికొచ్చాక అమ్మ అన్నమాట ఇది: "పెద్దాయనకి అందరూ చెప్తారు. ఈ అబ్బాయి అడిగి మరీ పెట్టుకున్నాడు కదే, ఎవరైనా చెప్పాలిగా."

నెలల తరబడి చదివినా ఆ రాతిమీది మాట నాకు అంతవరకూ సమాచారమే. అది ఒక మనిషి చేసుకున్న విన్నపమని, దానికి జవాబివ్వాలని నాకు తోచలేదు. అమ్మకి విన్న క్షణమే తోచింది.

ఆ రాత్రి దగ్గర్లోని ఓరెన్సే నగరంలో ఉన్నాం. ఊరి మధ్యలో అస్ బుర్గస్ అనే వేడినీటి ఊట ఉంది. అరవై డిగ్రీలకు పైనే ఉండే నీళ్ళు రాత్రీ పగలూ పొగలు కక్కుతూ పడుతుంటాయి. అమ్మ చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకుంది.

మర్నాడు కెథడ్రల్ మ్యూజియానికి వెళ్ళాం. సెలనోవా మఠం నిధిలోంచి వచ్చిన వస్తువుల్లో నేను చూడాలనుకున్నవి అక్కడున్నాయి. చదరంగం పావులు. మొత్తం ఎనిమిది, స్ఫటికంలో చెక్కినవి. రోసెందో పావులనే పిలుస్తారు. ఇస్లామిక్ పనితనం కాబట్టి మనిషి రూపం కానీ జంతువు రూపం కానీ ఉండదు. గుండ్రటి చిన్న దిమ్మల్లా ఉండి, వాటి మీద ఆకుల్లాంటి గీతలు. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. ఒకవైపు నుంచి నీళ్ళలా కనిపిస్తాయి, ఇంకోవైపు నుంచి మంచుగడ్డలా.

మన చతురంగం పర్షియా వెళ్ళి, అరబ్బుల చేతుల మీదుగా స్పెయిన్ చేరి, ఒక బిషప్ మఠంలో తేలింది. ఇంగ్లీషువాళ్ళు బిషప్ అనే పావుని, మనం శకటు అనేదాన్ని, స్పానిష్‌లో ఆల్ఫిల్ అంటారు. అరబ్బీలో ఏనుగు అని అర్థం. మొదట మన ఆటలో అది ఏనుగే. అమ్మకి ఇది చెప్తే ఎంతో సంతోషపడింది. మా తాతయ్య అరుగు మీద చదరంగం ఆడేవారట. నాకు ఆ సంగతి అప్పటివరకూ తెలియదు.

అక్కణ్ణుంచి, యాకోబు అపోస్తలుడి సమాధి ఉందని నమ్మే సాంతియాగోకి నా నడక మొదలైంది. ఓరెన్సే నుంచి సాంతియాగోకి వంద కిలోమీటర్లకు కాస్త పైన. నడిచి వెళ్ళినవాళ్ళకి, యాత్ర పూర్తిచేశారని ఇచ్చే కొంపోస్తెలా పత్రం రావాలంటే కనీసం వంద కిలోమీటర్లు నడవాలి, దారి పొడుగునా రోజుకి రెండు ముద్రలు వేయించుకోవాలి. ముద్రలు వేసే క్రెడెన్షియల్ పుస్తకం నేను పోర్తో కెథడ్రల్లోనే కొనుక్కున్నాను. అమ్మ, మా ఆయన కారులో వెళ్ళిపోయారు. ఐదు రోజులు నేనొక్కదాన్నే.

మొదటి రోజు సెయా దాకా. ఆ ఊరి రొట్టెకి పెద్ద పేరు. కట్టెల పొయ్యిలో కాల్చిన రొట్టె ఇంకా వేడిగా ఉండగా సగం తినేశాను. రెండో రోజు ఒసెయిరా మఠం మీదుగా ఎక్కుడు దారి. అక్కడ మడమ మీద బొబ్బ లేచింది. మూడో రోజుకి అది పగిలింది. లాషె, సియ్యేదా, పోంతె ఉయ్యా ఊళ్ళ గురించి నాకు వాన, బురద, యూకలిప్టస్ వాసన తప్ప ఎక్కువ గుర్తులేదు.

గుర్తున్నదల్లా దారంతా రోసెందోతో చేసిన వాదన. బిషప్ అయినవాడు సైన్యాన్ని ఎందుకు నడిపించాడన్నది నాకు కొరుకుడు పడలేదు. 955లో రాజు మూడో ఒర్దోన్యో గలీసియా పాలన ఆయనకి అప్పగించాడు. అప్పటికే మొండొనియేదో పీఠం వదిలి సెలనోవాకి చేరినవాణ్ణి మళ్ళీ బయటికి లాగారు. 968లో నార్మన్లు ఓడల మీద వచ్చి గలీసియాని దోచుకున్నారు. సాంతియాగో బిషప్ సిస్నాందో వాళ్ళని ఎదుర్కొని ఫోర్నెలోస్ దగ్గర చనిపోయాడు. ఆ పీఠం బాధ్యత కూడా రోసెందో మీదే పడింది. కొందరు రథాలనీ కొందరు గుర్రాలనీ నమ్ముకుంటారు, మనం మాత్రం ప్రభువు నామాన్నే అంటూ ఆయన సైన్యాన్ని నడిపించాడని జీవితచరిత్రల్లో ఉంది. అప్పటికి ఆయనకి అరవై దాటాయి.

నాలుగో రోజు సాయంత్రం వానలో ఒక పల్లె చావడిలో కూర్చుని ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. ఆయన కత్తి కోసం వెళ్ళలేదు. పిలిచిన ప్రతిసారీ వెళ్ళాడు, పని అవగానే సెలనోవాకే తిరిగొచ్చాడు. 977 జనవరిలో వీలునామా రాయించుకున్నాడు, మార్చి 1న అక్కడే కన్నుమూశాడు. 12వ శతాబ్దంలో ఒర్దోన్యో అనే సెలనోవా సన్యాసి ఆయన జీవితాన్నీ అద్భుతాల్నీ రాశాడు. 1172లో పోపు ప్రతినిధిగా వచ్చిన కార్డినల్ జసింతో ఆయన్ని పునీతుడిగా ప్రకటించాడు. ఆ కార్డినలే తర్వాత మూడో సెలెస్తీన్ పోపు అయ్యి 1195లో దాన్ని ఖరారు చేశాడు. సైన్యం సంగతి నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు. తిరిగొచ్చిన మనిషి మాత్రం దగ్గరయ్యాడు.

ఐదో రోజు మధ్యాహ్నం సాంతియాగో కెథడ్రల్ ముందున్న ఒబ్రదోయిరో కూడలిలో అమ్మ ఎదురొచ్చింది. ముందు నా కాలే చూసింది.

యాత్రికుల ఆఫీసు కర్రేతాస్ వీధిలో ఉంది. క్రెడెన్షియల్ ఇస్తే ముద్రలు ఒక్కొక్కటీ చూస్తారు, ఎందుకు నడిచావని అడుగుతారు. పత్రం మీద మన పేరు లాటిన్‌లో రాస్తారు. దానికి డబ్బు తీసుకోరు. చనిపోయినవాళ్ళ తరఫున నడిచామని చెబితే, ఫలానావారి కోసం అని వాళ్ళ పేరు కూడా రాస్తారు. ఆ మాట నేను దారిలో ఇంకో యాత్రికురాలి దగ్గర విన్నాను. కౌంటర్ దగ్గర నిలబడ్డాక మా అక్క పేరు చెప్పాను. ఆ తొమ్మిది రోజుల్లో ఆస్పత్రిలో సిస్టర్ గారు తొందర తొందరగా జ్ఞానస్నానం ఇచ్చి పెట్టిన పేరు. మా ఇంట్లో ఆ పేరు ఏ కాగితం మీదా లేదు. కౌంటర్లో అబ్బాయి స్పెల్లింగ్ రెండుసార్లు అడిగి, జాగ్రత్తగా రాసిచ్చాడు.

అమ్మకి చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంది. వేలితో ఆ పేరుని ఒకసారి తడిమింది, సిరా అంటుకుంటుందేమోనని వెంటనే తీసేసింది.

అమ్మ జూన్‌లో వెళ్ళిపోయింది. నవంబర్ 2, మృతుల పండుగ రోజు, ఊరి నుంచి వీడియో కాల్ చేసింది. సమాధుల దగ్గర కొవ్వొత్తులు, బంతిపూలు, జనం. పూజలో చదవడానికి చనిపోయినవాళ్ళ పేర్లు ఉపదేశి గారికి ముందే రాసివ్వాలి. అమ్మ తన చీటీ కెమెరా దగ్గర పెట్టింది. తాతయ్య, అమ్మమ్మ, నాన్న, అక్క. చివర్లో, మిగతావాటికంటే పెద్ద అక్షరాలతో, ఫ్రోయిలా.

"ఉపదేశి గారు చదవలేకపోతారేమోనని పెద్దగా రాశాను" అంది. "ఎవరమ్మా ఈయన, మన చుట్టాలేనా అన్నారు. అవునండీ అన్నాను."

వెనక గంట మోగింది. ఫోన్ పక్కన పెట్టేసి, కొంగు తలమీద వేసుకుని పూజకి వెళ్ళింది.